ఆదివారం, హాల్లో బ్యాంకాక్

పొద్దున్నే అమ్మతో ఎం.వి.పి. కాలనీ రైతు బజారుకి వెళ్లాను. గురువారం ప్రయాణం కాబట్టి ఎక్కువ కూరలు వద్దంది. ఓ ఆనపకాయ, రెండు కట్టల తోటకూర, అంతే.

వైజాగ్ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం వేశారని విన్నప్పటి నుంచీ నాన్నకి అక్కడికి వెళ్లాలని కోరిక. ఇన్నాళ్లకి కుదిరింది. అమ్మా నాన్నా ఇద్దరే వెళ్తున్నారు. నాకేమో వారం నుంచీ ఒకటే టెన్షన్.

నాన్న స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. దారిలో ఎవరు పలకరించినా ఆగి, ఊరూ పేరూ అడిగి, పిల్లలేం చదువుతున్నారో కనుక్కున్నాకే కదులుతారు. నాకు ఆయనలో అన్నిటికంటే ఇష్టమైన గుణం అదే. బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ చుట్టుపక్కల మోసగాళ్లు ఎదురుచూసేది కూడా సరిగ్గా అలాంటి మనిషి కోసమే.

భోజనాలయ్యాక, రెండేళ్లుగా ఇంట్లో చెప్పని సంగతి చెప్పేశాను. ఫ్రెండ్స్‌తో బ్యాంకాక్ వెళ్లినప్పుడు ఓ పూట నేనొక్కదాన్నే ప్యాలెస్ చూద్దామని బయలుదేరాను. తెల్ల చొక్కా, మెడలో ఐడీ కార్డు ఉన్న పెద్దాయన ఎదురొచ్చి, ‘ఇండియానా అమ్మా? ఇవాళ లోపల పూజ ఉంది, ఒంటిగంట దాకా తెరవరు’ అన్నాడు ఇంగ్లిష్‌లో. నా మ్యాప్ మీద పెన్నుతో మూడు గుళ్లకి సున్నాలు చుట్టి, తనే టుక్‌టుక్‌ని, అంటే అక్కడి ఆటోని, పిలిచాడు. మూడు గుళ్లకీ కలిపి 20 బాత్‌లే (బాత్ అక్కడి కరెన్సీ). అంత తక్కువకి ఆ డ్రైవర్ ఎందుకు వస్తాడో అప్పుడు తట్టలేదు. షాపులవాళ్లు డ్రైవర్లకి కమీషనో, పెట్రోలు కూపన్లో ఇస్తారని తర్వాత తెలిసింది. రెండో గుడి తర్వాత నగల షాపు. ‘పన్ను లేకుండా అమ్మడం ఇవాళే ఆఖరు’ అన్నారు. నీలం ఉంగరానికి 7,000 బాత్‌లు కట్టాను. వైజాగ్ వచ్చాక జగదాంబ దగ్గర బంగారం షాపులో చూపిస్తే, అందులో పావు వంతు కూడా చేయదన్నారు. ప్యాలెస్ ఆ రోజు తెరిచే ఉంది.

నాన్న కాసేపు మాట్లాడలేదు. ‘అంత మర్యాదగా చెబితే నేనూ వెళ్లేవాణ్ణేనమ్మా’ అన్నారు. ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఆశపడి మోసపోలేదు. పెద్దమనిషి మాట కాదనడం ఎలాగో తెలియక మోసపోయాను. ఆ పెంపకం మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను.

తర్వాత హాల్లో ప్రాక్టీసు పెట్టాం. సోఫా ప్యాలెస్ గేటు, నేను తెల్ల చొక్కా మనిషిని. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ నాన్న ఆగి ‘వైజాగ్, ఇండియా’ అని మొదలుపెట్టారు. అమ్మ మాత్రం నా వైపు చూడకుండా తిన్నగా సోఫా దాకా వెళ్లి కూర్చుంది. ‘ఎలా వచ్చిందమ్మా నీకు?’ అంటే, ‘ఏటుంది? అక్కర్లేని వంకాయ చేత్తో పట్టుకోను, ధర అడగను’ అంది. ప్యాలెస్ దగ్గర ముందు అమ్మే నడవాలని తీర్మానించాం.

మిగతావి నాన్న డైరీలో రాయించాను. ప్యాలెస్ మూసేశారని ఎవరు చెప్పినా టికెట్ కౌంటర్ దాకా వెళ్లి చూడాలి. ట్యాక్సీ ఎక్కే ముందే మీటరు వేయమనాలి, వేయనంటే ఇంకోటి చూసుకోవాలి. కార్డు మెషీన్ రూపాయల్లోనా, బాత్‌లలోనా అని అడిగితే బాత్‌లే నొక్కాలి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మెషీన్ వాళ్లు ఎంత వేస్తే అంత. అద్దె బండికైనా, పడవకైనా పాస్‌పోర్టు తాకట్టు పెట్టకూడదు. అక్కడ టూరిస్టు పోలీసుల నంబరు 1155. దాన్ని మాత్రం నాన్న ఎర్ర పెన్నుతో రాసుకున్నారు.

సాయంత్రం ముగ్గురం ఆర్కే బీచ్‌కి వెళ్లాం. గాలి బాగుంది. పల్లీల బండి కుర్రాడు పొట్లం కడుతుంటే, ‘ఏ ఊరు బాబూ మీది?’ అన్నారు నాన్న. నర్సీపట్నం దగ్గరట. వాళ్ల చెల్లి ఇంటర్ చదువుతోందట. అమ్మ నా వైపు చూసింది. నేనేమీ అనలేదు. మాటలు అయ్యేదాకా పక్కనే నిలబడి పల్లీలు తిన్నాం.