టర్బో కూలెంట్ పైపు పూడుకుపోయింది, గేజు మాత్రం కదల్లేదు

నాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 1.0 లీటర్ టర్బో పెట్రోల్ బండి, మూడు సిలిండర్లు. (టర్బో అంటే ఇంజన్ పొగ జోరుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే భాగం.) నడుస్తున్నంతసేపూ ఏ పేచీ లేదు. టెంపరేచర్ ముల్లు సగం దగ్గర నిలబడి ఉంటుంది, ఏసీ చల్లగా వస్తుంది, పికప్ కూడా బాగుంటుంది. గోలంతా బండి ఆపాకే. హైవే మీద గట్టిగా తోలి వచ్చి ఆపితే, ఓ నిమిషానికి బానెట్ కింద గుడగుడమని చప్పుడు, వెనకాలే తియ్యటి వాసనతో ఆవిరి. సిటీలో ఆఫీసుకి వెళ్లొచ్చే రోజుల్లో ఇవేమీ ఉండవు.

శ్రీశైలం వెళ్లినప్పుడు అసలు సంగతి బయటపడింది. డ్యామ్ దగ్గరికి దిగి వంతెన దాటాక అవతలి కొండ ఎక్కుడంతా రెండో గేరు, మూడో గేరు, నిండా మనుషులు, డిక్కీ నిండా సామాను. సున్నిపెంట దాటి పైకి వెళ్లి పార్కింగులో ఇంజన్ ఆపగానే కూలెంట్ డబ్బా పొంగి సగం నేలపాలైంది. పక్క టవేరా డ్రైవర్ వచ్చి చూసి, "హెడ్ గ్యాస్కెట్ పోయింది సార్, ఇంక ఇంజన్ పనే" అని తేల్చేశాడు. (ఇంజన్ బ్లాకుకీ దాని మీదుండే హెడ్డుకీ మధ్య ఉండే సీలే హెడ్ గ్యాస్కెట్.) చల్లారేదాకా ఆగి, నీళ్లు పోసుకుని, నెమ్మదిగా హైదరాబాద్ చేరాం. అక్కడ చూపించిన వర్క్‌షాపులో కూడా అదే మాట, ఏమీ విప్పకుండానే రూ.40 వేల పైమాటే అని అంచనా కాగితం చేతిలో పెట్టారు.

నాకు నమ్మకం కుదరలేదు. హెడ్ గ్యాస్కెట్ పోతే పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ వణకడమో, తెల్ల పొగ ఆగకుండా రావడమో, ఆయిల్ మజ్జిగలా మారడమో, మామూలుగా వీటిలో ఒక్కటైనా కనిపిస్తుంది కదా. ఒక్కటీ లేదు. ఇంట్లోవాళ్లు టెన్షన్ పడి బండి అమ్మేద్దామన్నారు గానీ, నేను నాచారంలో తెలిసిన ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన అంతా విని, "హెడ్డు ఎప్పుడైనా విప్పొచ్చు సార్, ముందు నీళ్లు ఎక్కడ తిరుగుతున్నాయో, ఎక్కడ తిరగట్లేదో చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు సగం భయం పోయింది.

మొదట ప్రెషర్ టెస్ట్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బా మూత తీసి ఆ చోట చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్న 1.4 బార్ దాకా కొట్టి వదిలేశాడు. ముల్లు దిగలేదు, అంటే బయటికి లీకు లేదు. మూతను కూడా విడిగా పరీక్షించాడు, అదీ బాగానే ఉంది. తర్వాత నీలం రంగు ద్రావణం ఉన్న గాజు గొట్టం డబ్బా మూతి మీద పెట్టి ఇంజన్ నడిపించాడు. పొగ గ్యాసు కూలెంట్‌లో కలుస్తుంటే ఆ నీలం పసుపుగా మారాలి. ఎంతసేపు చూసినా నీలంగానే ఉంది. హెడ్ గ్యాస్కెట్ మాట అక్కడితో పక్కకి పోయింది. అంచనా కాగితం ఇచ్చినవాళ్లకి ఈ పరీక్ష చేయడానికి పావుగంట కూడా పట్టేది కాదు, అదే నా బాధ.

ఇంక అసలు చోటుకి వచ్చాం. మా బండిలో డబ్బాకి పైన రెండు సన్న పైపులు వచ్చి చేరతాయి, ఒకటి రేడియేటర్ నుంచి, ఇంకోటి టర్బో నుంచి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, మూత తీసి, టార్చి వేసి లోపలికి చూడమన్నాడు. రేడియేటర్ పైపు నుంచి సన్నటి ధార పడుతోంది, రేస్ ఇస్తే ఇంకాస్త జోరుగా. టర్బో పైపు మూతి పొడిగా ఉంది. రేస్ ఇచ్చినా ఒక్క చుక్క లేదు. (ఇది ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే చేసే పని. వేడి మీద మూత తీస్తే మొహం కాలుతుంది.)

మూత పెట్టి ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పట్టాడు. మెరిసే లోహం మీద అది తప్పు చూపిస్తుందని రబ్బరు పైపుల మీదే గురిపెట్టాడు, లోహం ఉన్నచోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాడు. బండి సెన్సార్ల లెక్కలు చూపించే స్కానర్‌లో కూలెంట్ 92 డిగ్రీలు, రేడియేటర్ పై పైపు దాదాపు 90. టర్బో నుంచి వచ్చే పైపు డబ్బా దగ్గర 50 కూడా లేదు, చేత్తో పట్టుకోవచ్చు. అప్పుడు కాసేపు రేస్ ఇచ్చి ఇంజన్ ఆపేశాం. రెండు నిమిషాలు గడవకముందే అదే పైపు 100 దాటింది, గుడగుడ మొదలైంది. ఇంజన్ నడుస్తుంటే చల్లగా, ఆపితే మంటగా. అది చూశాక ఇంక అనుమానం లేదు.

ఎందుకలా అంటే, పెట్రోల్ బండిలో టర్బోకి తగిలే పొగ వేడి, లోడు మీద, 900 డిగ్రీల దాకా పోతుంది. మధ్యలో బేరింగులున్న భాగాన్ని ఆయిలూ కూలెంటూ కలిసి కాపాడతాయి. ఇంజన్ ఆగితే కూలెంట్‌ని తిప్పే పంపు కూడా ఆగుతుంది. కొన్ని బండ్లలో దీనికోసం విడిగా కరెంటు పంపు ఉంటుంది గానీ మాదాంట్లో లేదు. వేడెక్కిన కూలెంట్ తనంతట తానే పైకి పోయి, కింద నుంచి చల్లటిది వచ్చి చేరాలి. కింద దారి మూసుకుపోతే అక్కడున్న కాస్తా మరిగి ఆవిరై డబ్బాలోకి తన్నుతుంది. నీళ్లతో సగం సగం కలిపిన కూలెంట్ 1.4 బార్ ఒత్తిడిలో 130 దరిదాపుల దాకా మరగదు, టర్బో దగ్గర అది కూడా చాలదు. గేజుకి సమాచారం ఇచ్చే సెన్సార్ ఉండేది హెడ్డు దగ్గర, అక్కడ అంతా సవ్యంగానే ఉంది. ముల్లుని తప్పుపట్టడానికి లేదు.

పూడిక ఎక్కడో తేల్చడానికి ముందు టర్బో దగ్గర పై పైపు ఊడదీసి అందులో నీళ్లు పోశాడు, రెండోవైపు నుంచి గలగలా వచ్చేశాయి. అయితే కింద పైపే. హీట్ షీల్డ్ బోల్టులు తుప్పుపట్టి ఉంటే వాటికి తుప్పు వదిలే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయాల్సి వచ్చింది. మర్నాడు టర్బోలోకి కూలెంట్ తెచ్చే బాంజో బోల్ట్ ఊడింది. ఇది మధ్యలో బోలుగా, పక్కన రంధ్రాలతో ఉండే బోల్టు, ఆ రంధ్రం అగ్గిపుల్ల కంటే కాస్త లావు, అంతే. దాని నిండా గట్టిపడిన గోధుమరంగు బురద, అంచుల్లో గీజర్ కాయిల్‌కి పట్టేలాంటి తెల్ల పొర. సూదితో గీరి తెల్ల కాగితం మీద రాలిస్తే అందులో సన్నటి మెరుపు పొడి కనిపించింది. "పాత ఓనరు రేడియేటర్ లీకు పౌడర్ పోసుంటాడు సార్, పైన బోరు నీళ్లు" అన్నాడు మెకానిక్. ఆ పౌడర్‌కి లీకు ఏదో, సన్న దారి ఏదో తెలియదు కదా.

లోహపు పైపు లోపల ఎంత శుభ్రమైందో కంటికి కనపడదు కాబట్టి పైపూ బాంజో బోల్టులూ కొత్తవే వేయించాను, రాగి వాషర్లు ఎలాగూ పాతవి మళ్లీ వాడకూడదు. టర్బో లోపలి దారిని రెండువైపుల నుంచీ నీళ్లతో, తేట వచ్చేదాకా కడిగాడు. సిస్టమ్ మొత్తం బ్యాటరీ వాటర్‌తో ఫ్లష్ చేసి, మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంటే, కలిపి అమ్మేది పోసి గాలి తీశాడు. ఆయిల్, ఫిల్టర్ కూడా మార్చాం, ఇన్నాళ్లు ఆ వేడంతా ఆయిలే మోసింది మరి. అన్నీ కలిపి ఆ అంచనా కాగితంలో మూడో వంతు కూడా కాలేదు.

స్టార్ట్ చేసి డబ్బాలో చూస్తే రెండు పైపుల నుంచీ ధార. తర్వాత మళ్లీ శ్రీశైలం ఘాట్ ఎక్కాం, ఆపాక చప్పుడు లేదు, కూలెంట్ మట్టం మారలేదు. టర్బో షాఫ్ట్‌ని వేళ్లతో కదిపి చూస్తే అటూ ఇటూ చాలా కొద్దిగా ఆడుతోంది, ముందుకీ వెనక్కీ అసలు లేదు. ఆ మాత్రం ఉంటుందన్నాడు. టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపులో మాత్రం కాస్త ఆయిల్ తడి ఉంది, వచ్చే సర్వీసుకి అది పెరిగిందో లేదో చూసి టర్బో సంగతి అప్పుడు ఆలోచిద్దామని వదిలేశాం.