పట్టిన రక్తం నిలవలేదు

ఒంటికి రక్తం పట్టాలని బీట్‌రూట్, ఖర్జూరం, ఐరన్ మాత్రలు అన్నీ అయ్యాయి. హిమోగ్లోబిన్ 9 నుంచి 6కి దిగింది. కళ్ళు పచ్చబడేసరికి మా మేనత్త కామెర్లేనని తేల్చేసి పసరు మందు వేయించడానికి సిద్ధమైంది.

రక్తజబ్బుల డాక్టర్ (హెమటాలజిస్ట్) మాత్రం "మూత్రం ఏ రంగులో వస్తోందమ్మా?" అని అడిగారు. డికాషన్ రంగులో వస్తోంది. లివర్ ఎంజైములు నార్మల్. ఎర్రకణాలు పగిలితే పెరిగే ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్, ఎల్‌డీహెచ్ ఎక్కువ, రెటిక్యులోసైట్లూ (అప్పుడే పుట్టిన ఎర్రకణాలు) ఎక్కువ. అంటే మూలుగ కొత్త కణాలను తయారుచేస్తూనే ఉంది, అవి బయటికొచ్చాక నాశనమవుతున్నాయి. ఎర్రకణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే కూంబ్స్ టెస్ట్ పాజిటివ్ వచ్చింది. దాదాపు 120 రోజులు బతకాల్సిన ఎర్రకణాలకు నా ఒంట్లోని యాంటీబాడీలే అంటుకుంటుంటే, ప్లీహం (స్ప్లీన్) వాటిని పట్టి నాశనం చేస్తోందట. ఇక ఐరన్ ఏం చేస్తుంది, పాపం!

అసలు టెన్షన్ రక్తం ఎక్కించేటప్పుడు. ఆ యాంటీబాడీలు దాతల కణాలకూ అంటుకోవడంతో ఏ బ్యాగూ మ్యాచ్ కాలేదు. ఉన్నవాటిలో తక్కువ ప్రమాదం ఉన్నది చూసి, నర్సు పక్కనే ఉండగా మెల్లగా ఎక్కించారు.

ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌తో హిమోగ్లోబిన్ పెరిగింది. దాంతోపాటు షుగరూ, ఆకలీ పెరిగాయి, నిద్ర కరువైంది. డోసు తగ్గించగానే హిమోగ్లోబిన్ మళ్ళీ పడింది. డోసు పెంచితే సరిపోతుందని నేననుకుంటుంటే, డాక్టర్ నా పొట్ట నొక్కి చూశారు. ఎడమ పక్కటెముకల కింద ప్లీహం చేతికి తగిలింది. నాలుగు ముద్దలకే కడుపు ఎందుకు నిండిపోతోందో అప్పుడు తెలిసింది. స్కాన్, ఫ్లో సైటోమెట్రీ (కణాల రకాన్ని గుర్తించే పరీక్ష), మూలుగ బయాప్సీ అయ్యాక పేరు బయటపడింది: స్ప్లీనిక్ మార్జినల్ జోన్ లింఫోమా. యాంటీబాడీల తయారీకి మూలమైన బి కణాలనే తెల్లకణాల క్యాన్సర్, సాధారణంగా నెమ్మదిగా పెరిగే రకం. ఇలాంటి లింఫోమాల్లో కొన్నిసార్లు రక్తహీనతే ముందు కనిపిస్తుందన్నారు. క్యాన్సర్ అన్న మాటకు మా ఆయన కుర్చీలో కూలబడ్డారు. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, శత్రువు ఎవరో తెలిసినట్టనిపించింది.

హెపటైటిస్ బి లేదని చూసుకుని ఆ బి కణాలను దెబ్బతీసే రిటుక్సిమాబ్ అనే మందు డ్రిప్‌లో మొదలుపెట్టారు. మొదటిసారి పళ్ళు టకటకలాడేంత చలి పుట్టింది. డ్రిప్ ఆపి, మందిచ్చి, మళ్ళీ నెమ్మదిగా పెట్టారు. ఆ తర్వాతవి పేపర్ చదువుకుంటూ గడిచిపోయాయి.

ఇప్పుడు హిమోగ్లోబిన్ 12 దాటింది. స్టెరాయిడ్ ఆపేశారు, ప్లీహం చేతికి తగలడం లేదు. జ్వరమొస్తే ఆగకుండా రమ్మన్నారు. కూంబ్స్ ఇంకా కాస్త పాజిటివ్‌గానే ఉంది. కణాలు పగలనంతకాలం దానికి మందు అక్కర్లేదట, మూడు నెలలకోసారి టెస్టులు చేయిస్తే చాలన్నారు.