కాటాకేస్తే ఎంతొస్తుంది?

మా బావమరిదికి తుమ్మలపెంట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. ఇనుము కంటపడితే చాలు, వాడు ముందు అడిగేది కిలో ఎంతని. మ్యూజియం గోడౌన్‌లో స్టాండుకు బిగించిన పాత విమాన ఇంజన్ ఫొటో నా ఫోన్‌లో చూసి, "కాటాకేస్తే ఎంతొస్తుంది బావా?" అన్నాడు. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేసి కావలిలో స్థిరపడ్డవాణ్ణి, ఒళ్ళు మండింది. అయినా వాణ్ణని ఏం లాభం? ఒకప్పుడు పెద్ద పెద్ద దేశాలే ఈ ఇంజన్లను తుక్కు కింద జమకట్టాయి.

ఫొటోలో ఉన్నది ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్. రెండు వరసల్లో గుండ్రంగా 14 సిలిండర్లు, 1,200 హార్స్‌పవర్. డకోటా రవాణా విమానానికి ఇవి రెండు, లిబరేటర్ బాంబర్‌కు నాలుగు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, అమెరికా ఇచ్చిన లిబరేటర్లు కాన్పూర్‌లో మిగిలిపోయాయి. మళ్ళీ ఎవరూ ఎగరేయకుండా వాటిని పాడుచేసి వదిలేశారు. ఇంజన్లలో ఇసుక పోశారని మా సీనియర్లు చెప్పుకునేవాళ్ళు. 1948లో బెంగళూరు విమాన ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్ వాళ్ళు ఆ తుక్కులో దిగి, దీని సామాను దానికి వేసి, ఎగరడానికి సరిపడా బాగుచేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని బెంగళూరుకు నడుపుకొచ్చాడు. అలా బతికినవి మన ఎయిర్‌ఫోర్స్‌లో 1968 దాకా పనిచేశాయి. తర్వాత బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి లిబరేటర్ వెళ్ళింది కూడా మన దగ్గర నుంచే, 1974లో. ఢిల్లీ పాలంలో ఉన్న మన ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలోనూ ఒకటుంది.

ఇంజన్ని దాచడమంటే మూలకు నెట్టి టార్పాలిన్ కప్పడం అనుకుంటారు చాలామంది. టార్పాలిన్ కింద చెమ్మ పట్టినంతగా ఆరుబయట కూడా పట్టదు. ఆ రోజుల్లో పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు. అది కాలిన మసి సిలిండర్లోనే ఉండిపోయి, గాలిలో తేమ తగిలితే ఆమ్లంలా తయారై లోపలి గోడల్ని తినేస్తుంది. అందుకే ఇంజన్ ఆపిన వెంటనే ఇన్‌హిబిట్ చేయాలి. అంటే తుప్పు పట్టనివ్వని ఆయిల్ని సిలిండర్లలోకి స్ప్రే చేసి, స్పార్క్ ప్లగ్గులు తీసి, వాటి స్థానంలో సిలికా జెల్ నింపిన ప్లగ్గులు బిగించాలి. గింజలు నీలంగా ఉన్నంతకాలం నిశ్చింత. గులాబీ రంగుకు తిరిగాయంటే తేమ పీల్చేశాయని, మార్చే టైమొచ్చిందని అర్థం.

ఇలాంటి రేడియల్ ఇంజన్లతో ఇంకో తంటా ఉంది. నేను చేరిన కొత్తల్లో డకోటాలు ఇంకా ఎగురుతుండేవి, అక్కడే నేర్చుకున్నాను. ఆగి ఉన్న ఇంజన్లో ఆయిల్ మెల్లగా దిగి కింది సిలిండర్లలో చేరుతుంది. చూసుకోకుండా స్టార్ట్ చేస్తే పిస్టన్ ఆ ఆయిల్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకని ముందు ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పేవాళ్ళం. మధ్యలో గట్టిగా పట్టేసిందా, బలం చూపించకూడదు. వెనక్కీ తిప్పకూడదు. కింది ప్లగ్గు ఊడదీస్తే నల్లటి ఆయిల్ బుడబుడమని కారుతుంది. ఇప్పటికీ మ్యూజియంలో రేడియల్ ఇంజన్ కనిపిస్తే నా కళ్ళు ముందు దాని కింది సిలిండర్ల మీదికే పోతాయి.

జెట్ ఇంజన్ల పద్ధతి వేరు. తేమ చొరబడని సంచిలో సిలికా జెల్‌తో పాటు పెట్టి సీలు వేస్తారు, లేదా గాలి ఆడని ఇనప పెట్టెలో పెడతారు. సముద్రపు గాలి తగిలే మా కావలి లాంటి చోట అయితే ఇంకా జాగ్రత్త కావాలి. చాలా ఇంజన్లలో గేర్ కేసింగులు మెగ్నీషియం కలిసినవి. వాటికి బిగించిన స్టీలు బోల్టు పక్కన ఉప్పు చెమ్మ చేరితే బోల్టు బాగానే ఉంటుంది, చుట్టూ ఉన్న కేసింగు తెల్లగా పొడైపోతుంది.

నాకు కోపమొచ్చేది రంగు వేసేవాళ్ళ మీద. వీఐపీ వస్తున్నాడంటే చాలు, ఇంజన్ మొత్తానికి సిల్వర్ పెయింట్ కొట్టేస్తారు. దాంతో ఇన్‌స్పెక్టర్ కొట్టిన ముద్రలు, పార్టు నంబర్లు, బోల్టులు వదులు కాకుండా ఎప్పుడో ఎవరో ఫిట్టర్ వేసిన లాకింగ్ వైరు అన్నీ పూడిపోతాయి. ఆ ఇంజన్ కథంతా అక్కడే ఉంటుంది. లాగ్ కార్డు కూడా ఉంటే సరేసరి, ఎన్ని గంటలు తిరిగింది, ఎప్పుడు ఓవర్‌హాల్ అయింది, ఏ భాగం మార్చారు అన్నీ తెలుస్తాయి. లాగ్ కార్డు లేని ఇంజన్ విషయంలో మా బావమరిది ప్రశ్నకు నా దగ్గర కూడా గట్టి జవాబు లేదు.

మిగ్-21లు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో చివరిసారి ఎగిరి రిటైరయ్యాయి. ఇక దిమ్మెల మీదికి ఎక్కేస్తాయి. అలా నిలబెట్టేవాటిలో చాలావరకు ఇంజన్ తీసేసిన డొల్లలే. సెల్ఫీలకు అవి చాలు. కానీ కోరాపుట్‌లో మనవాళ్ళే తయారుచేసిన మిగ్-21ల ఆర్-25 ఇంజన్లు కొన్ని అయినా లాగ్ కార్డులతో సహా పొడి గదిలో దాచితే, దిమ్మె మీది పది విమానాల పెట్టు అంటాను.

పాత సామాను పోగుచేసే కుర్రాళ్ళకు ఒక్క మాట. యుద్ధకాలపు విమానాల గడియారాలు, మీటర్లు దొరికితే అద్దం ఊడదీయకండి. చీకట్లో మెరవడానికి అంకెల మీద రేడియం రంగు పూసేవాళ్ళు. ఇప్పుడు మెరవడం లేదంటే పాడైంది అందులోని మెరుపు పొడి మాత్రమే. రేడియం సగానికి తగ్గాలంటేనే 1,600 ఏళ్ళు పడుతుంది. మ్యూజియంలో వాటిని విడిగా తాళం వేసి పెడతారు. ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరేసే ఎజెక్షన్ సీటు దొరికితే అసలు ముట్టుకోవద్దు, తూటా మందు తీసేశారో లేదో చూసి చెప్పగలిగేది ఆ పని తెలిసినవాళ్ళే.

ఒంగోలు నుంచి గూడూరు దాకా ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ పని చేసి వచ్చినవాళ్ళం చాలామందే ఉన్నాం. డకోటా మీద పనిచేసినవాళ్ళకు వయసు మీద పడింది. మీ నాన్నో తాతో అలాంటివారైతే, స్పార్క్ ప్లగ్గులకు కరెంటిచ్చే మాగ్నెటో టైమింగ్ ఎలా పెట్టేవాళ్ళో అడిగి ఫోన్లో రికార్డు చేసుకోండి. ఫోను పట్టుకోవడం రాకపోతే చెప్పండి, ఆదివారాలు నేను ఖాళీ.