కోడిగుడ్డు వృత్తం: సొంతంగా కట్టుకున్న రౌటర్‌లో సర్వో మోటార్లను సరిచేసిన నా అనుభవం

తలుపు చెక్కలపై నగిషీ కోయడానికి విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డులో నేను సొంతంగా కట్టుకున్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఆదేశాలతో కత్తిని నడిపి చెక్కను కోసే యంత్రం) మొదటిసారి కోసిన 50 మిల్లీమీటర్ల బిళ్ల, కంటికి గుండ్రంగానే కనిపించింది. వెర్నియర్ పెట్టి చూస్తే అడ్డంగానూ నిలువుగానూ దాదాపు 50 ఉంది కానీ, ఐమూలగా ఒకవైపు 50.6, రెండోవైపు 49.3 వచ్చింది. అంటే యంత్రం కోసింది వృత్తం కాదు, కోడిగుడ్డు.

అడ్డంగా, నిలువుగా కదిలే ఎక్స్, వై అక్షాలు రెండింటికీ 5 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న, అంటే చుట్టుకు అంత దూరం జరిపే, బాల్ స్క్రూలు, పాత యంత్రాల నుంచి తీసిన సర్వో మోటార్లు, వాటి వెనుక, మోటారు ఎంత తిరిగిందో లెక్కపెట్టి చుట్టుకు 10,000 కౌంట్లు ఇచ్చే ఎన్‌కోడర్లు ఉన్నాయి. లెక్క ప్రకారం ఒక్కో కౌంటు అర మైక్రాను. ఆ అంకెను చూసుకుని నేను చాలాకాలం మురిసిపోయాను. నియంత్రణకు లినక్స్‌సీఎన్‌సీ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. అది పంపే వోల్టేజీని బట్టి, మోటారును నడిపే డ్రైవ్ అనే పెట్టె మోటారు వేగాన్ని నిర్ణయిస్తుంది, స్థానాన్ని సరిచూసే పని మాత్రం కంప్యూటర్‌లోని పీఐడీ లూపుది, అంటే ఆదేశించిన స్థానానికీ అసలు స్థానానికీ ఉన్న తేడాను చూస్తూ వేగాన్ని సరిదిద్దే లెక్కది. పీ, ఐ అనేవి అందులో మనం పెట్టే విలువలు.

ఎక్స్ అక్షానికి పీ విలువ 50 దగ్గర బాగా నడిచిందని, అవే విలువలను వై అక్షానికి కాపీ చేసి చేతులు దులుపుకున్నాను. నా అసలు పొరపాటు అదే. పీ 50 అంటే, స్థానంలో ఒక మిల్లీమీటరు తేడా ఉంటే సెకనుకు 50 మిల్లీమీటర్ల వేగం అడుగుతుందని అర్థం. తిరగేసి చూస్తే, నిమిషానికి 3,000 మిల్లీమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 50 చొప్పున, నడుస్తున్న అక్షం ఎప్పుడూ ఆదేశానికి ఒక మిల్లీమీటరు వెనకే ఉంటుంది. రెండు అక్షాలూ సమానంగా వెనకబడితే వృత్తం రవ్వంత చిన్నదవుతుందే తప్ప ఆకారం చెడదు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వెనకబడితేనే ఐమూలగా సాగుతుంది.

లినక్స్‌సీఎన్‌సీలో గ్రాఫులు గీసే హాల్‌స్కోప్‌లో రెండు అక్షాల ఫాలోయింగ్ ఎర్రర్‌ను, అంటే ఈ వెనుకబాటును, పక్కపక్కన గీయించి చూస్తే, ఎక్స్ ఒక మిల్లీమీటరు వెనక ఉండగా వై 1.6 దాటి కనిపించింది. ఫైలులో రెండింటికీ పీ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిదని, లూపు తీసేసి, ఒక్కో డ్రైవ్‌కు నేరుగా 1 వోల్టు ఇచ్చి వేగం కొలిచాను. ఎక్స్ సెకనుకు 25 మిల్లీమీటర్లు కదిలింది, వై 15 మాత్రమే. వై డ్రైవ్‌పై ఉన్న చిన్న స్క్రూను, వేగం స్కేలును నిర్ణయించే దానిని, ఆ డ్రైవ్‌ను అంతకుముందు వాడినవారు తమ అవసరానికి తిప్పి ఉంటారు. దాంతో నేను 50 అని రాసుకున్నది అక్కడ 30గా పనిచేస్తోంది. ఇంత తేడా ఉన్నా యంత్రం ఎందుకు ఆగలేదంటే, మొదట్లో అస్తమానం ఎర్రర్‌తో ఆగుతోందన్న విసుగుతో వెనుకబాటు ఎంత దాటితే ఆగాలో చెప్పే హద్దును నేనే 5 మిల్లీమీటర్లకు పెంచి పెట్టాను.

స్కేలు సరిచేశాక బిళ్ల గుండ్రంగా వచ్చింది. ఆ తర్వాత వేగానికి సంబంధించిన ఫీడ్ ఫార్వర్డ్‌ను, అంటే ఎఫ్ఎఫ్1ను, 1కి తెచ్చాను. తేడా పుట్టేదాకా ఆగకుండా కావలసిన వేగాన్ని ముందే చెప్పేస్తుంది కనుక, మిల్లీమీటరు ఉన్న వెనుకబాటు కొన్ని వందోవంతులకు దిగింది. పీని పెంచుకుంటూ పోతే 90 దగ్గర గ్యాంట్రీ, అంటే కత్తిని మోసే అడ్డ దూలం, తుమ్మెదలా ఝుమ్మంది. వెనక్కి వచ్చి 60 దగ్గర ఆపాను.

అయినా బిళ్ల అంచున సరిగ్గా నాలుగు చోట్ల, ఒక్కో అక్షం దిశ మార్చుకునే దగ్గర, గోటికి తగిలేంత చిన్న మెట్టు మిగిలింది. దీన్ని కూడా అంకెలతోనే పోగొట్టాలని, పేరుకుపోయే తేడాను సరిదిద్దే ఐ విలువ పెంచాను. ఫలితంగా వై అక్షం ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు కూడా అటూ ఇటూ తడుముకోవడం మొదలుపెట్టింది. అప్పుడు గ్యాంట్రీకి డయల్ గేజ్ ఆనించి, మోటార్లు బిగిసి ఉండగానే చేత్తో అటు నెట్టి ఇటు లాగాను. గేజ్ ముల్లు ఎనిమిది గీతలు, అంటే 0.08 మిల్లీమీటర్లు కదిలింది. స్క్రీన్ మీద స్థానం మాత్రం చెక్కుచెదరలేదు. ఎన్‌కోడర్ ఉన్నది మోటారు వెనుక కనుక, మోటారుకూ కత్తికీ మధ్య ఉన్న వదులును, అంటే ప్లేను, అది చూడలేదు. చూడని దాన్ని ఏ పీ, ఏ ఐ సరిచేయగలవు?

మోటారు వైపు బేరింగ్ బ్లాకులో లాక్ నట్టును పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ వదులైందని తేలింది. నట్టు బిగించి, గ్రబ్ స్క్రూకు మరలు వదలకుండా పట్టే జిగురు, లాక్‌టైట్, వేశాక ప్లే 0.02కు వచ్చింది. మిగిలింది బాల్ స్క్రూ మీద నడిచే బాల్ నట్టుది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లోని బ్యాక్‌లాష్ సర్దుబాటుతో కప్పవచ్చు కానీ, దిశ మారిన ప్రతిసారీ మోటారు చిన్న కుదుపు ఇవ్వాల్సి వస్తుంది. టేకు చెక్క పనికి ఆ కుదుపు కంటే ఆ 0.02 నయమనిపించి వదిలేశాను. ఐని బాగా తగ్గించి, నిశ్చలంగా ఉన్నప్పుడు వచ్చే నెమ్మది జారుడును డ్రైవ్‌లోని జీరో ఆఫ్‌సెట్‌తోనే సర్దాను.

ఇప్పుడు బిళ్ల ఐమూలల తేడా 0.05 లోపు ఉంటోంది, ఎర్రర్ హద్దును అర మిల్లీమీటరుకు దించాను. పైకీ కిందికీ కదిలే జెడ్ అక్షానికి మాత్రం ఈ విలువలేవీ కాపీ చేయలేదు. కత్తిని తిప్పే స్పిండిల్ బరువంతా దాని మీదే వేలాడుతుంది కనుక అక్కడ ఐ తప్పనిసరి. ఆ అక్షానికి మళ్లీ మొదటి నుంచి, 1 వోల్టు ఇచ్చి వేగం కొలవడంతోనే మొదలుపెట్టాను.