పాటకూ పాటకూ మధ్య

ఆదివారం, రాత్రి.

ఈ రోజు చెప్పుకోదగ్గ పనేదీ చేయలేదు. వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ, 1977 మే 8న న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో, కార్నెల్ విశ్వవిద్యాలయపు బార్టన్ హాల్లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బృందం చేసిన కచేరిని ఒకే బిగిన విన్నాను. ఇదివరకు ముక్కలుగా విన్నదే అయినా, మొదటి నుంచి వింటేనే దాని నడక పట్టుబడుతుంది.

రెండో భాగంలో ‘స్కార్లెట్ బిగోనియాస్’ నుంచి ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’లోకి వెళ్లే చోటు గురించి అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉంటారు. రెండింటికీ ఆధార స్వరం ఒకటే. గానం ఆగిన తర్వాత జెర్రీ గార్సియా గిటారు మొదటి పాట చుట్టూనే తిరుగుతూ ఉండగా, నా చెవికి ముందుగా కదిలేది ఫిల్ లెష్ బేస్ గిటారు. అది రెండో పాట నడకను ఒకసారి చూపి వెనక్కి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది, ఈలోగా ఇద్దరు డ్రమ్మర్లూ దాని వైపు ఒరుగుతారు, చివరికి అందరూ అక్కడికి చేరిన సంగతి మనకు చేరిన తర్వాత గాని తెలియదు. ఆ రెండో పాటకు ఆధారం రెండే రెండు కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు. రెండూ కలిపి 25 నిమిషాలు సాగే సరికి, కాఫీ తెచ్చిన అమ్మ “ఆ పాట ఇంకా అవలేదట్రా?” అని అడిగింది. “రెండో పాట మొదలై చాలాసేపైందమ్మా” అంటే నమ్మలేదు.

వెంటనే వచ్చే ‘ఎస్టిమేటెడ్ ప్రాఫెట్’ జమైకా సంగీతమైన రెగే ఛాయలో, ఏడు మాత్రల లెక్కలో నడుస్తుంది. మిశ్రచాపు అలవాటైన వాళ్లం కనుక మనకది వింతగా అనిపించదు గాని, రాక్ కచేరిలో వేలమందిని ఆ లెక్క మీద నిలబెట్టడం తేలిక కాదు. ఇలా పాటను అక్కడికక్కడే కల్పిస్తూ సాగదీసే జామ్ బ్యాండ్ల సంగీతాన్ని రకరకాల శైలుల మిశ్రమం అనేసి ఊరుకుంటారు. నాకు ఆ మాట చాలదు. ఎవరో కూర్చుని కొలతలు వేసి కలిపింది కాదది. గార్సియా అమెరికన్ జానపద శైలి అయిన బ్లూగ్రాస్‌లో బాంజో వాయించి వచ్చినవాడు, లెష్ వయొలిన్‌తో మొదలుపెట్టి ట్రంపెట్‌కు మారి ఆధునిక పాశ్చాత్య సంగీత రచన చదువుకున్నవాడు, డ్రమ్మర్ మిక్కీ హార్ట్ మీద అల్లా రఖా తబలా ప్రభావం గాఢమైనది. ఆ హార్టే తరువాత జాకిర్ హుస్సేన్, ఘట విద్వాంసుడు విక్కు వినాయక్‌రామ్ తదితరులతో చేసిన ‘ప్లానెట్ డ్రమ్’కు ప్రపంచ సంగీత విభాగంలో మొట్టమొదటి గ్రామీ పురస్కారం దక్కింది. ఎవరి సంగీతం వారు వెంట తెచ్చుకుని, పక్కవాడు వాయించేది వింటూ బదులిస్తే పుట్టిన కలయిక ఇది.

ఈ కచేరి మనదాకా రావడం మరో కథ. బృందపు సౌండ్ ఇంజినీరు బెట్టీ క్యాంటర్ చేసిన టేపు చేతులు మారుతూ ఏళ్లపాటు తిరిగి, 2017లో గాని అధికారికంగా విడుదల కాలేదు. ప్రేక్షకులు రికార్డు చేసుకోవడానికి వీళ్లు అడ్డు చెప్పేవారు కాదు, 1984 నుంచి అలా రికార్డు చేసుకునే టేపర్లకు విడిగా చోటే కేటాయించారు. అమ్ముకోవడం మాత్రం కూడదు. రాత్రికో రకంగా వాయించే బృందానికి ఇంతకు మించిన ప్రచారం ఉండదు, ఎందుకంటే నిన్నటి టేపు విన్నవాడికి రేపటి టికెట్టు మరింత అవసరమవుతుంది.

వెర్మాంట్‌లో 1983లో పుట్టిన ఫిష్ బృందం ఈ దారినే పట్టింది. 2017లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 13 రాత్రులు ఒక్క పాటా తిరిగి వాయించకుండా కచేరీలు చేశారు. వాళ్ల నైపుణ్యానికి దండం పెట్టవలసిందే, అయినా నా మనసు ఇంకా డెడ్ దగ్గరే ఉంది.

విసుగు పుట్టించే ఘట్టాలూ లేకపోలేదు. 1978 తరువాత డెడ్ కచేరీల్లో డ్రమ్ములకే విడిచిన భాగం స్థిరపడింది. మన సభల్లో తని ఆవర్తనం మొదలవగానే క్యాంటీను నిండినట్టే, అక్కడా ఆ సమయానికి జనం లేచి బయటకు పోయేవారట. నేను లేవను. అయితే 1999 డిసెంబరు 31 అర్ధరాత్రి ఫ్లోరిడాలో మొదలుపెట్టి సూర్యోదయం దాకా ఫిష్ వాయించిన కచేరి జోలికి పోయే ఓపిక మాత్రం నాకింకా రాలేదు.