అలిపిరి చెకింగ్‌లో దొరకని మత్తు

నాకు తాగుడు లేదు, బీడీ లేదు, గుట్కా కూడా లేదు. కొండకి జీపు తోలేవాణ్ణి కదా, అలిపిరి కాడ బండి ఆపి సీట్ల కిందంతా ఎతుకుతారు, సిగిరెట్ పెట్టె దొరికినా ఊరుకోరు. నా జోబులో ట్రమడాల్ స్ట్రిప్ ఉండేది, దాన్ని ఎవురూ అడగలా. నొప్పి మాత్రే కదా.

మొదలైంది కూడా నొప్పితోనే. నడుం పట్టేసి లేవలేకపోతే ఒక డాక్టర్ కొన్ని రోజులకని రాసిచ్చినాడు, నొప్పి పోయింది, దాంతోపాటు నైట్ ట్రిప్పుల అలసట, చిరాకు అన్నీ పోయినాయి, ఎవురితో అయినా నవ్వతా మాట్లాడబుద్ది అయ్యేది. తర్వాత చీటీ లేకుండా ఇచ్చే షాపు ఒకటి దొరికింది. 2018లోనే దీన్ని గంజాయి, నల్లమందు చట్టం కిందకి తెచ్చినారంట, వాడు మాత్రం పేపర్లో చుట్టి ఇచ్చేవాడు.

అసలు మోసం యాడుందంటే, మాత్ర ఆలస్యమైతే మళ్లీ ఆ నడుం నొప్పే వచ్చేది, ముందుకంటే ఎక్కువగా. జబ్బు ఇంకా తగ్గలేదబ్బా అనుకొని ఇంకోటి మింగేది. ముక్కు కారేది, ఊరికే ఆవలింతలు, విరోచనాలు, పండుకుంటే కాళ్లు ఒకచోట నిలవవు, మే నెల తిరపతి ఎండలో ఒళ్లు జలదరించి రోమాలు లేచి నిలబడేవి. మాత్ర పడితే కాసేపటికి అన్నీ మాయం.

లీలామహల్ కాడ టీ తాగతా ఉంటే ఫిట్స్ వచ్చి పడిపోయినా. అదే ఘాట్ రోడ్డులో వచ్చుంటే? ఎనకాల సీట్లలో చంటిబిడ్డలతో సహా భక్తులు ఉంటారు. ఆసుపత్రిలో స్కాన్ బాగానే ఉందన్నారు. మా ఆవిడ జీపులో ఉన్న ఖాళీ స్ట్రిప్పులన్నీ కవర్లో ఏసుకొచ్చి టేబుల్ మీద గుమ్మరించింది. డాక్టరమ్మ తిట్టలేదు, "ఎన్నాళ్ల నుంచి నాయనా?" అనింది, అంతే. డోసు పెరిగితే ట్రమడాల్‌తో ఫిట్స్ వస్తాయంట, లివర్లో మారి నల్లమందు పనిచేసే చోటే ఇదీ పనిచేస్తుందంట.

మానసిక విభాగానికి పొమ్మంటే నేనేమన్నా పిచ్చోణ్ణా అని అరిచినా. అక్కడ కూర్చోనుంటే చదువుకునే పిలకాయలు, ఒక ముసలాయన, అందరూ మనలాంటోళ్లే. ఎయిమ్స్ వాళ్లు 2019లో ఇచ్చిన సర్వేలో దేశంలో నల్లమందు జాతి మత్తు వాడేవాళ్లు 2 కోట్ల 26 లక్షల మంది, అందులో హెరాయిన్ తర్వాత ఎక్కువ మంది వాడేది ఇట్లాంటి మందులే.

ఈ అలవాటు మాన్పించేదానికి బుప్రెనార్ఫిన్ అనే మాత్ర ఇచ్చినారు, నాలిక కింద పెట్టుకొని కరిగేదాకా మాట్లాడకూడదు, చేదు. "ఒకటి మాని ఇంకోటా బావా" అని మా బామ్మర్ది ఎకసెక్కం. వాడికేం తెలుసు, నాకు కాళ్ల పీకుడు ఆగి నిద్ర పట్టింది, అన్నం సయించింది. డోసు మెల్లిగా తగ్గిస్తా ఉండారు, ఇంకా పూర్తిగా ఆపలా. నడుముకి ఎక్సర్‌సైజులు చేస్తా ఉండా. ఆసుపత్రికి పోవాలంటే సిగ్గుపడేవాళ్లు ముందు మత్తు మానుకునేవాళ్ల హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఫ్రీనే.

మొన్న పన్ను పీకించుకోను పోయినప్పుడు ట్రమడాల్ రాయొద్దు సార్ అని ముందే చెప్పేసినా. పక్కనున్న పేషెంట్లు తిరిగి చూసినారు, చూడనీ. ఆయన పారాసెటమాల్ రాసినాడు, దాంతోనే సరిపోయింది.