రిమోట్ నా చేతిలోనే ఉంది

ఈ మధ్య మా ఇంట్లో టీవీకి రెస్ట్ లేదు. 2025 నవంబర్ 2న మహిళల క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్, వాన వల్ల లేటుగా మొదలైనా కదల్లేదు నేను. సౌతాఫ్రికా కెప్టెన్ వోల్వార్ట్ 101 కొట్టి ఇంకా ఆడుతుంటే ఒకటే టెన్షన్, అప్పుడు ఆమె కొట్టిన క్యాచ్, మన అమన్‌జోత్ చేతుల్లో బంతి ఒకసారి జారి, మళ్లీ జారి, చివరికి ఒంటిచేత్తో పట్టేసింది చూడండీ, సోఫా మీంచి లేచి అరిచేశాను, పక్కింటి వాళ్లు ఏమనుకున్నారో! 52 పరుగుల తేడాతో గెలిచాం. ఆ టోర్నీలో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణికి 14 వికెట్లు. ఫైనల్లో షెఫాలీ కొట్టిన 87 పరుగుల గురించి అందరూ రాశారు, వదిలేస్తున్నా.

సినిమాల్లో అయితే 'కోర్ట్'. మంగపతి పాత్రలో నటుడు శివాజీని చూస్తే నిజంగానే ఒళ్లు మండింది. '90స్' సిరీస్‌లో చిల్లర లెక్కలేసే నాన్న ఈయనేనా? అమ్మ ఇంకా నమ్మడం లేదు.